బోనమెత్తే పెద్దకోడలు

మా అత్తగారింట్లో పండుగ పెట్టుకోవాలంటే ముందు పంచాంగం చూడరు, ఆడవాళ్ళను అడుగుతారు. “నీ డేట్ ఎప్పుడే?” అని అత్తమ్మ మా తోడికోడలిని అడుగుతుంది. ఫోన్ చేసి ఆడబిడ్డను అడుగుతుంది. వాళ్ళ లెక్కలన్నీ తీసేయగా మిగిలిన ఆదివారాల్లోంచి ఒకటి ఖాయం చేస్తుంది. నన్ను మాత్రం అడగదు. పెళ్ళయిన కొత్తలో అడిగేది. ప్రతిసారీ నేను “ఎప్పుడొస్తదో తెల్వదత్తమ్మా” అని నసుగుతుంటే సంగతి అర్థమై మానేసింది. మానేసి ఊరుకున్నా బాగుండేది, సంబరపడింది. “మా పెద్దకోడలు ఎప్పుడన్న ఫ్రీయే” అని చుట్టాలందరికీ చెప్పుకుంది.

ఆ ఒక్క మాటతో నాకు పని పెరిగింది. ఎవరింట్లో పోచమ్మకు చేసినా, ఎవరు కొత్తింట్లో పాలు పొంగించినా పిలుపు నాకే. అత్తగారి ఊరు మానుకోటలో మా వాడకట్టు చుట్టాల్లో బోనం నా నెత్తికెక్కినన్నిసార్లు ఇంకెవరి నెత్తికీ ఎక్కి ఉండదు. కొత్త కుండలో అన్నం వండి, పసుపు కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి నాకు ఎత్తేవారు. ముట్టులో ఉన్నవాళ్ళు ఆ కుండను తాకకూడదు కదా, నాకా బాధ లేదని అందరి ఉద్దేశం. నా బాధే అది అని ఒక్కరికీ తోచలేదు.

నాకు పీసీఓఎస్ ఉందని పెళ్ళికి ముందే తెలుసు. అండాశయాల నిండా చిన్న చిన్న నీటి బుడగలున్నాయని స్కానింగ్‌లో చూపించారు. అవి ఉన్నాయన్న సంగతి మరిచిపోయి బతకొచ్చు గానీ, నెల నెలా రావాల్సింది రాకపోతే మరిచిపోవడం నా వల్ల కాలేదు. మామూలుగా నెల తప్పిందంటే ఇంట్లో స్వీట్లు పంచుతారు. నాకు ఎప్పుడూ తప్పేదే. మొదట్లో తప్పిన ప్రతిసారీ మెడికల్ షాపులో కిట్ కొనుక్కొచ్చి, బాత్‌రూమ్‌లో నిలబడి, ఆ ఒక్క గీత పక్కన ఇంకో గీత వస్తుందేమోనని కళ్ళు చికిలించుకుని చూసేదాన్ని. రాలేదు. పోనుపోను పిల్లల సంగతి పక్కకు పోయి ఇంకో భయం పట్టుకుంది. గర్భసంచి లోపలి పొర ఊడి బయటికి పోకుండా నెలల తరబడి పేరుకుపోవడం మంచిది కాదని ఎప్పుడో ఒక డాక్టర్ అన్నది. ఆ మాట పట్టుకుని నేను ఫోన్‌లో చదవకూడనివన్నీ చదివాను. పేరు తీయడానికే భయమేసే జబ్బు దాకా పోయింది నా చదువు. నేను బడిలో సైన్స్ టీచర్ని. భయపడటానికి కావలసినంత చదువుంది, ధైర్యంగా ఉండటానికే చాలలేదు.

ఉద్యోగం భూపాలపల్లి జిల్లాలో, చిట్యాల దగ్గర. వారమంతా చిట్యాలలో అద్దె గదిలో ఉంటాను. శనివారం బడి అయ్యాక పరకాల మీదుగా వరంగల్ వచ్చి, అక్కణ్ణుంచి రైలెక్కి మానుకోటకు పోతాను. మా ఆయన అక్కడ కరెంటు సబ్‌స్టేషన్‌లో చేస్తాడు. పుట్టిల్లు జనగామ. ఆ ఎండాకాలం సెలవుల్లో జనగామ పోయినప్పుడు అమ్మ నన్ను స్టేషన్ రోడ్డులో ఉన్న లేడీ డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది. లాక్కుపోయింది అని ఎందుకంటున్నానంటే, అప్పటికే నాకు డాక్టర్లంటే విసుగొచ్చింది. ఎవరి దగ్గరికి పోయినా గోలీలు రాసేవారు, అవి వేసుకుంటే వచ్చేది, ఆపితే మళ్ళీ మామూలే. రోజూ వేసుకునే హార్మోన్ గోలీలైతే ఒకసారి కొన్ని నెలలు వాడి చూశాను. మొహం ఉబ్బింది, తిన్నది కడుపులో నిలవలేదు, స్టాఫ్ రూంలో నేను పోట్లాడని మనిషి మిగలలేదు. ఇంకోసారి వాటి జోలికి పోవద్దని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

ఈ డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చేయించి, కాగితాలు చూసి, నన్ను ఎగాదిగా చూసింది.

“విటమిన్ డి ఉండాల్సిన దాంట్ల సగం గూడ లేదు. ఎండల తిరగవా?”

“తిరుగుత మేడం. స్కూటీ మీదనే పోత బడికి.”

“ఏం తిరుగుడు మేడం,” అని అమ్మ అందుకుంది. “నెత్తికి చున్నీ, చేతులకు గ్లౌజులు, కండ్లకు అద్దాలు. నేనే గుర్తువట్ట రోడ్డు మీద.”

నల్లగైతవ్, నల్లగైతవ్ అని చిన్నప్పటి నుంచి నన్ను ఎండలోకి పోనివ్వంది అమ్మే. 

“పిల్లలకేం చెప్తవ్ మరి, డి ఎట్ల వస్తదని?” అని డాక్టరమ్మ అడిగింది.

“ఎండకు వస్తదని చెప్త మేడం.”

ఆమె నవ్వలేదు, అందుకే ఆమె మీద నాకు గురి కుదిరింది. నెమ్మదిగా విడమరిచి చెప్పింది. డి తక్కువున్నవాళ్ళకు దాన్ని నింపితే కొందరికి నెలసరి గాడిలో పడుతుందట, కొందరికి పడదట. “గ్యారంటీ అయితే నేనియ్య. గా మాట ఇచ్చెటోళ్ళను నువ్వు గూడ నమ్మకు. కాని తక్కువుందని కండ్లతోని చూసినంక నింపకుండ ఊకుంటమా?” అన్నది. వారానికొక గోలీ రాసింది. పొద్దున్నే నడవమన్నది, అన్నం తగ్గించమన్నది. ఈ ఒక్కసారికి మందుతో నెలసరి తెప్పిస్తానని, ఆ తర్వాత దానంతటదే వస్తుందేమో చూద్దామని చెప్పింది. “మూడు నెలలు చూద్దాం. అప్పటిదాంక రాలేదనుకో, రోజు గోలీలు మొదలువెట్టాల్సిందే. గంతకంటె ఆగుడు మంచిగ కాదు.”

గోలీ వారానికొక్కటే, రోజూ వేసుకుంటే ఎక్కువై అదో తంటా అని రెండుసార్లు హెచ్చరించింది. నేను బుద్ధిమంతురాలిలా తలూపాను. బయటికొచ్చాక అమ్మ మెడికల్ షాపు ముందు ఆగి, “వారానికొకటంటె మర్సిపోతవ్ బిడ్డా. శనారం ఒక్కపొద్దుంటవ్ గద, గా రోజు వేస్కో, యాదికుంటది” అన్నది. ఆ ఒక్కపొద్దు కూడా అమ్మ మొక్కే. నా కడుపు పండాలని నా తరఫున తనే మొక్కి నన్ను పస్తు పెడుతోంది. అయినా మాట బాగానే ఉందనిపించింది. మంచి రోజు, మంచి మందు.

తెప్పించిన నెలసరి వచ్చి పోయింది. ఇక అక్కణ్ణుంచి ఎదురుచూపు.

ప్రతి శనివారం తెల్లవారి తలస్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, తులసి నీళ్ళతో ఆ గోలీ మింగేదాన్ని. ఇంత భక్తిగా మందు వేసుకున్న మనిషి జిల్లాలో ఉండదు. రోజూ పొద్దున టేకుమట్ల రోడ్డు పట్టుకుని నడిచేదాన్ని. చున్నీ తీసేశాను, గ్లౌజులు తీసేశాను. పత్తి చేన్లలోకి పోయే ఆడవాళ్ళు ఎదురై “ఏంది మేడం, బండి ఖరాబయ్యిందా?” అని అడిగేవారు. అవునన్నాను. రోజూ అదే బండి ఖరాబవుతుంటే వాళ్ళూ అడగడం మానేశారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత బడి గ్రౌండ్‌లో కాసేపు ఎండకు నిలబడితే పిల్లలు కిటికీల్లోంచి చూసి కిసకిసా నవ్వేవారు. నవ్వితే నవ్వారు.

పైకి ఇదంతా ఉత్సాహంగా కనిపించిందేమో గానీ, లోపల నాకు ప్రాణం ప్రాణంలా లేదు. పొత్తికడుపులో ఏ కాస్త గుంజినా అదేనేమోనని పాఠం మధ్యలో ఆపి బాత్‌రూమ్‌కు పోయేదాన్ని. ఏమీ ఉండేది కాదు. నడుము నొస్తే ఆశ, నొయ్యకపోతే దిగులు. తోటి టీచర్లు “అబ్బా, నాకు మళ్ళొచ్చింది” అని విసుక్కుంటుంటే ఒళ్ళు మండేది. అంత వద్దనుకుంటే నాకియ్యరాదా అని అనబోయి నాలుక కరుచుకున్నాను ఒకసారి. అసూయ పడటానికి ఇదొక వస్తువా అని నాకే సిగ్గేసింది, అయినా పడ్డాను. నాన్న ఫోన్ చేసి “బిడ్డా, పానం మంచిగున్నదా” అంటే “ఆఁ బాపూ” అనేదాన్ని. ఆయనకు అంతకంటే ఏం చెప్తాం?

వానలు మొదలయ్యాక డాక్టరమ్మ రమ్మన్న రోజు జనగామ పోయాను. రాలేదని చెప్పాను. ఆమె మందు సంగతి ఆరా తీసింది.

“మర్సిపోకుంట వేస్కుంటానవా?”

“ఒక్క వారం గూడ తప్పలేదు మేడం. శనివారం పొద్దున స్నానం చేసి, పూజ కాంగనే.”

“టిఫిన్ చేసినంకనే గద?”

“శనివారం ఒక్కపొద్దు మేడం. పొద్దూకినంకనే తింట.”

డాక్టరమ్మ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. “ఏ, డి, ఇ, కె” అని మొదలుపెట్టింది. ఇక ఆమె చెప్పక్కర్లేకపోయింది. ఆ నాలుగు విటమిన్లూ కొవ్వులో కరుగుతాయని ప్రతి ఏడాదీ బోర్డు మీద రాసి, పిల్లలతో వరసగా చెప్పించేది నేనే. తినకుండా, నూనె చుక్క కడుపులో పడకుండా, ఉత్త తులసి నీళ్ళతో వేసుకుంటే ఆ గోలీలో ఎంత ఒంటికి పట్టి ఉంటుంది? నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లలు పరీక్షలో ఇది తప్పు రాస్తే సున్నా వేస్తాను, నా ఒంటికొచ్చేసరికి దేవుడికి ప్రసాదం పెట్టినట్టు పెట్టాను.

“ఆదివారం మీ ఇంట్ల కూరొండుతరా?” అని అడిగింది.

“వండుతరు మేడం. మటన్.”

“గా కూరతోని కడుపు నిండ తిని, అప్పుడు వేస్కో. ఒక్కపొద్దు నీ ఇష్టం, నేనేమన. గోలీ మాత్రం ఆదివారానికి మార్చు.”

 ఇంటికొచ్చాక అమ్మ, “గా మంచి రోజు ఇడ్సిపెట్టి నీసు తిన్నంక వేస్కొమ్మనుడు ఏం వైద్యమో” అని గొణిగింది. నాకు అమ్మ మీద కోపం రాలేదు. పోయిన వారాల మీద వచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన మూడు నెలల్లో సగానికి దగ్గర దగ్గర గంగలో కలిపాను. మిగిలిన సగంలో రాకపోతే మళ్ళీ ఆ హార్మోన్ గోలీలు, ఆ ఉబ్బిన మొహం, ఆ పోట్లాటలు. 

అప్పటి నుంచి ఆదివారాలు మానుకోటలో, మటన్ కూర తిన్నాక వేసుకునేదాన్ని. గోలీలు ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకున్నాను. ఒక ఆదివారం చూస్తే వాటి పక్కనే ఇంకో గోలీల అట్ట ఉంది. మా తోడికోడలిది. “పోచమ్మ పండుగకు నా డేట్ అడ్డమొస్తదేమో అక్కా, ఎందుకైన మంచిదని ఆపే గోలీలు తెచ్చుకున్న” అన్నది. ఒకే ఇంట్లో, ఒకే ఫ్రిజ్‌లో, ఒక కోడలు రావాలని, ఒక కోడలు రావద్దని. ఆమెకు చెప్తే పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. 

శ్రావణంలో పోచమ్మకు చేయాల్సిన ఆదివారం ఖాయమైంది. అత్తమ్మ వాకిట్లో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ, “చిన్నదానికి గోలీల తిప్పలెందుకు? పెద్దకోడలున్నది గద. బోనం గామెనే ఎత్తుతది. నీకేంది బిడ్డా, ఏ రంది లేదు, హాయి” అన్నది.

ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను.

“నాకు హాయొద్దత్తమ్మా! నాకు రావాలె! అది రావాలనే గోలీలు మింగుతాన, ఎండల నిలవడ్తాన. నువ్వేమొ రాకుంటె మంచిదంటవ్!”

కత్తిపీట మీద అత్తమ్మ చెయ్యి ఆగింది. మామూలుగా నేను ఆమె ముందు గొంతు పెంచను. ఆమె కోప్పడుతుందని బిగుసుకుని కూర్చున్నాను. ఆమె కోప్పడలేదు, అర్థం కాక చూసింది.

“రాకుంటె ఏమైతది బిడ్డా? నాకు గది నెలల సగం రోజులు పోతుండె. మిరప చేన్ల వంగి ఏరుతుంటె కాళ్ళెంబడి కారేది. చీర కొంగులు చింపుకొని పెట్టుకున్న. మీ మామ వరంగల్ దవాఖాన్ల సంచి తీపిచ్చిండు, నీ అంత ఉంటనేమొ గప్పుడు. గప్పటిసంది పానం తెరిపిన వడ్డది. రాకుండ ఉండుడే మంచిదనుకున్న నేను.”

మా ప్రాంతంలో ఆమె వయసు ఆడవాళ్ళను ఎవరిని కదిలించినా ఈ ఆపరేషన్ కథే వస్తుంది. సంచి తీసేసిన నాటి నుంచి బరువులెత్తొద్దన్నారట, ఆ తర్వాత మోకాళ్ళు కూడా అరిగాయి. అందుకే బోనం ఎత్తడం ఎప్పుడో మానేసింది. ఇన్నేళ్ళుగా ఆమె నన్ను చూసి సంబరపడింది ఎందుకో అప్పుడు తెలిసింది. తను కోతపడి తెచ్చుకున్న సుఖం నాకు ఊరికే దొరికిందనుకుంది.

నేను నెమ్మదిగా చెప్పాను. లోపల పేరుకుపోతే ఏమవుతుందో, చివరికి ఏ జబ్బు వస్తుందని భయమో, అది వస్తే నా సంచి కూడా తీసేస్తారేమోనని ఎంత హడలిపోతున్నానో, అంతా. అత్తమ్మ విని, ముంగురులు మోచేత్తో పైకి తోసుకుని, “దేవుడు సూస్తడు తియ్” అన్నది. మళ్ళీ ఉల్లిగడ్డలు కోసుకుంది. ఆమెకు ఎంత ఎక్కిందో తెలియలేదు. బోనం మాత్రం నా మీదే ఉంది.

పండుగ ఆదివారం నాటికి మూడు నెలలు నిండటానికి వారం కూడా లేదు. ఆ వచ్చే వారమే జనగామ పోవాలి. రాత్రుళ్ళు నిద్ర లేక, పగలు ఏ పనీ తోచక, నన్ను చూసి మా ఆయన కూడా భయపడుతున్నాడు. “ఏం గాదు, గోలీలైతే గోలీలు, వాడుదాం” అంటాడు. వాడేది నేను కదా అని కసిరాను. పాపం, ఆ మనిషి డప్పులవాళ్ళను పిలుచుకు రావడానికి పోయాడు.

తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, నేనే బోనం వండాను. కుండకు సున్నం రాసి పసుపు కుంకుమ బొట్లు పెట్టాను. మా తోడికోడలు వేపమండలు కట్టింది. వాకిట్లో డప్పు మొదలైంది. చుట్టాలంతా గుమిగూడారు. ఇద్దరు ముత్తయిదువలు కుండను లేపి నా తల మీద చుట్టకుదురు మీద పెట్టారు, అత్తమ్మ దీపం వెలిగించింది. కాళ్ళకు పసుపు నీళ్ళు పోశారు. గడప దాటాలి. ఒక కాలు ముందుకు వేశాను.

అప్పుడే పొత్తికడుపులో మెలిపెట్టింది. లోపల వెచ్చగా ఏదో కదిలినట్టనిపించింది.

ఆగిపోయాను. ఇట్లాంటివి నన్ను ఎన్నోసార్లు మోసం చేశాయి. చెమటేమో, ఉత్త భ్రమేమో. ముందుకు నడిస్తే గుడి ఎంతో దూరం లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. డప్పు వేగం పెరిగింది. వెనక నుంచి ఎవరో “నడువు బిడ్డా” అన్నారు.  మైల భయం అసలు గుర్తే లేదు, పోయి చూసుకుంటే ఏమీ ఉండదేమోనన్నదే భయం. చూసుకోకుండా ఒక్క క్షణం కూడా ఉండలేనని మాత్రం తెలిసింది.

“అత్తమ్మా, దించుండ్రి” అన్నాను.

డప్పు ఆగింది. ఎత్తిన బోనం అమ్మవారి ముందు తప్ప దించరు. అందరి మొహాలూ మాడిపోయాయి. అత్తమ్మే ముందుకొచ్చి కుండ అందుకుంది. నేను పరుగులాంటి నడకతో వెనక వాకిట్లోకి పోయి బాత్‌రూమ్ తలుపు వేసుకున్నాను.

వచ్చింది.

తలుపుకు ఆనుకుని నిలబడి నోరు మూసుకుని ఏడ్చాను. ఏ గోలీతోనూ తెప్పించింది కాదు, దానంతటదే వచ్చింది. ఆ ఎర్రటి మరకను చూసి ఎవరన్నా అంత సంతోషపడతారా? నేను పడ్డాను. బయట అంతమంది నా కోసం ఆగి ఉన్నారని గుర్తొచ్చేదాకా పడ్డాను.

తలుపు తీసి వచ్చి ఇంటి గడప ఇవతలే నిలబడ్డాను. ఇక లోపలికి పోకూడదు, ఏదీ ముట్టకూడదు. అత్తమ్మ ఎదురుగా వచ్చి నా మొహం చూసింది.

“వచ్చిందత్తమ్మా.”

“గిప్పుడే రావాల్నా!” అని నెత్తి కొట్టుకుంది. చెయ్యి నెత్తి మీద ఉండగానే ఆ రోజు ఉల్లిగడ్డల దగ్గర నేనేమన్నానో ఆమెకు తట్టినట్టుంది. నా కళ్ళు చూసింది. చెయ్యి దించింది. “నిజంగనేనా?” అన్నది.

తలూపాను.

అప్పటికే వెనక చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. బోనం మైలపడ్డది, అపశకునం, ఈ ఏడు ఎట్ల, అని ఒకరి తర్వాత ఒకరు. ఎప్పుడూ ఫ్రీ అన్నారు గదా అని ఒకామె ఎత్తిపొడిచింది. అత్తమ్మ వెనక్కి తిరిగి, “ఏమయ్యిందని? ఇంకో కుండున్నది, కడుగుండ్రి. బియ్యం నేను వోస్త. జరసేపాగితె పోచమ్మేం అలగది, గామె గూడ ఆడిదే” అన్నది. మా తోడికోడలు పొయ్యి అంటించబోతే, “నువ్వు గోలీలతోని ఆపుకున్నవ్, నీ పానం మంచిగలేదు, పక్కకు కూసో” అని కసిరింది. మళ్ళీ తలస్నానం చేసి వచ్చి తనే వండింది.

నేను వెనక వాకిట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని చూస్తున్నాను. కుండ తయారైంది. “నీ మోకాళ్ళతోని ఎట్లనే?” అని ఎవరో అంటున్నారు. ఆమె వినిపించుకోలేదు. ఇద్దరు పట్టుకుని నెత్తికెత్తారు. ఒకసారి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. గడప దాటే ముందు కుండ కదలకుండా నా వైపు కళ్ళు మాత్రం తిప్పి, “కడుపు నొస్తాందా?” అని అడిగింది.

“నొస్తాంది.”

“నొయ్యనియ్యి” అన్నది, అని నడిచింది.

డప్పు చప్పుడు వీధి మలుపు తిరిగి దూరమైంది. ఇల్లంతా ఖాళీ. నొప్పికి మెలికలు తిరుగుతూ ఆ బండ మీదే కూర్చున్నాను. నా జీవితంలో అంత సంతోషంగా నొప్పి పడింది లేదు.

ఆ వారం జనగామ పోతే డాక్టరమ్మ నా అత్యుత్సాహం మీద నీళ్ళు చల్లింది. డి కొంచెం పెరిగిందట. రోజు గోలీలు ఇప్పటికి అవసరం లేదన్నది. “కాని ఒక్కసారి వచ్చిందంటె సక్కబడ్డట్టు కాదమ్మా. గోలీకి వచ్చిందో, నడకకు వచ్చిందో, ఊకెనే వచ్చిందో నేను చెప్పలేను. వచ్చే నెల, ఆ పై నెల చూడాలె.” అమ్మ మాత్రం తన ఒక్కపొద్దుకే వచ్చిందని గట్టిగా నమ్ముతోంది. ఎవరి నమ్మకం వాళ్ళది, నాకు మళ్ళీ దిగులు మొదలైంది. మళ్ళీ టేకుమట్ల రోడ్డు, మళ్ళీ ఆదివారం కూర, మళ్ళీ పాఠం మధ్యలో బాత్‌రూమ్‌కు పరుగులు. ఒకసారి వచ్చాక ఎదురుచూపు తగ్గుతుందనుకున్నాను. వచ్చిన రుచి తెలిశాక ఇంకా ఎక్కువైంది.

నెల నిండింది. రాలేదు. ఇంకో వారం దాటింది. చిట్యాలలో గదికొచ్చి చెప్పులు విడుస్తుండగా ఫోన్ మోగింది. అత్తమ్మ. ఆమె నాకు ఉత్తగనే ఫోన్ చేయదు, పండుగ ఏదో పెట్టుకుని ఉంటుందనుకున్నాను.

“వచ్చిందా?” అన్నది.

నెల రోజులుగా ఆ మాట నన్ను నేనే అడుక్కుంటున్నాను. ఇప్పుడది అత్తమ్మ నోట విన్నాను.

“రాలేదత్తమ్మా ఇంకా.”

 

“నేను గూడ సూస్తాన బిడ్డా రోజు. వచ్చే ఆదివారం ఎల్లమ్మకు చేస్తానం. గా రోజే వచ్చినా రానియ్యి, భయపడకు. బోనం నేనెత్తుకుంట.”

“నీ మోకాళ్ళో?” అన్నాను. 

“మోకాళ్ళదేమున్నది, అరిగినయే గద. నీకైతె రానియ్యి.”